దేవుడి సొమ్ముకు పన్ను లేదు, లెక్క ఉంది

పోయిన నెల ఈ పేజీలో గుడి కమిటీ రసీదుల గురించి నాలుగు లైన్లు రాసినా అంతే, అప్పట్నుంచి ఉత్తరాలు, వాట్సాప్‌లు ఆగడం లేదు. తిరుపతి నుంచి, చిత్తూరు నుంచి, పలమనేరు, పుత్తూరు, మదనపల్లె నుంచి అందరిదీ ఇంచుమించు ఒకటే అనుమానం, గుడికి టాక్స్ లేదు కదా మరి ఈ లెక్కలన్నీ ఎందుకు అని. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. ఒక మాట ముందే చెప్తా, కింద నేను రాసే సెక్షన్ నంబర్లన్నీ 1961 ఆదాయపు పన్ను చట్టంవి, 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 కొత్త చట్టం కాబట్టి నంబర్లు మారతాయి, మీ ఆడిటర్ వేరే నంబర్ చెప్తే కంగారు పడొద్దు.

ప్రశ్న: సార్, మా ఊరి గంగమ్మ గుడి కమిటీకి నేను క్యాషియర్‌ని. జాతరకి, గుడి ముందర రేకుల షెడ్డుకి కలిపి పోయినేడాది 13 లక్షల దాకా చందాలు వచ్చినాయి. కమిటీ పేరుతో బ్యాంకు అకౌంట్ లేదు, అందుకని నా సేవింగ్స్ అకౌంట్లోనే క్యాష్ కట్టినా. ఇప్పుడు ఇన్‌కమ్ టాక్స్ నుంచి నోటీసు వచ్చింది, ఈ డబ్బు ఎక్కడిదని. అమ్మవారి సాక్షిగా ఒక్క రూపాయి ఇంటికి వాడుకోలేదు. మా ఆవిడ రెండు రోజులుగా అన్నం తినలేదు. ఏం చెయ్యాల?
(పలమనేరు దగ్గర ఒక పల్లె నుంచి)

జవాబు: అన్నా, ముందు ఇంట్లో ఆమెకి ధైర్యం చెప్పండి. ఇది మీ ఒక్కరికి వచ్చిన కష్టం కాదు, మన జిల్లాల్లో ప్రతి రెండో ఊర్లో గుడి డబ్బు ఎవరో ఒక నమ్మకస్తుడి అకౌంట్లోనే ఉంటుంది, నమ్మకస్తుడు కాబట్టే ఆయన ఇరుక్కుంటాడు.

జరిగింది ఏందంటే, ఒక సంవత్సరంలో సేవింగ్స్ అకౌంట్లో క్యాష్ డిపాజిట్లు 10 లక్షలు దాటితే బ్యాంకు ఆ వివరం ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళకి పంపించి తీరాలి, అది రూలు, మీ మీద ఎవరూ పితూరీ చెయ్యలేదు. కంప్యూటర్‌కి మీ పాన్ కనిపిస్తుంది, మీ పాన్ మీద 13 లక్షలు కనిపిస్తాయి, గంగమ్మ తల్లి కనిపించదు. మీరు జవాబు ఇవ్వకుండా ఊరుకుంటే మాత్రం ప్రమాదం, ఎందుకంటే ఎక్కడిదో చెప్పలేని డబ్బు అని తేల్చేస్తే 1961 చట్టం కింద దాని మీద పన్ను, సర్‌చార్జి, సెస్సు అన్నీ కలిపి 78 శాతం దాకా పోతుంది. 13 లక్షలకి 10 లక్షలు! గుడి డబ్బూ పోయి మీ ఇల్లూ పోతుంది.

అందుకని గడువు లోపల ఆన్‌లైన్‌లోనే జవాబు పెట్టండి. చందా పుస్తకాల కౌంటర్‌ఫాయిల్స్ అన్నీ బయటికి తీయండి, చిరిగినవి కూడా. పందిరి వాడి బిల్లు, డప్పుల వాళ్ళకి ఇచ్చిన వోచరు, రేకులు కొన్న షాపు బిల్లు, మేస్త్రీ సంతకం పెట్టిన కాగితం, పొట్టేళ్ళు కొన్న సంత చీటీ ఉంటే అది కూడా. కమిటీ మీటింగ్ పెట్టి, ఈ డబ్బు గుడిది, అకౌంట్ లేనందువల్ల క్యాషియర్ దగ్గర ఉంచాము, ఇంత ఖర్చయింది ఇంత మిగిలింది అని తీర్మానం రాసి అందరూ సంతకాలు పెట్టండి, అయితే తేదీ మాత్రం ఈరోజుదే వెయ్యండి, పోయినేడాది తేదీ వేసి కొత్త కాగితం పుట్టించొద్దు, నిజం చెప్పేవాడికి దొంగ కాగితం అవసరమే లేదు. పెద్ద మొత్తాలు ఇచ్చిన ఉభయదారులు ఒక్కొక్కరూ మేమిచ్చినాము అని ఒక లెటర్ ఇస్తే ఇంకా గట్టిగా ఉంటుంది. ఈ పని ఒక మంచి ఆడిటర్ చేత చేయించండి, ఫీజు కమిటీ పెట్టుకోవాలి, మీ జేబు నుంచి కాదు.

ఇది అయినాక అసలు పని. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ట్రస్టు డీడ్ రాయించి, ట్రస్టు పేరుతో పాన్ తీసి, ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు బయటికి వచ్చేట్టు బ్యాంకు అకౌంట్ తెరవండి. తర్వాత ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్లో 12ఏబీ రిజిస్ట్రేషన్‌కి అప్లై చెయ్యండి, ముందు 3 సంవత్సరాలకి తాత్కాలికంగా ఇస్తారు, తర్వాత రెగ్యులర్. ఈ రిజిస్ట్రేషన్ లేకపోతే గుడి అయినా మఠం అయినా మినహాయింపు రాదు, ఇది చాలా మందికి తెలియదు, దేవుడి పేరు ఉంటే చాలు అనుకుంటారు. మినహాయింపుకి ముందు ఆదాయం 2.5 లక్షలు దాటితే ఆడిట్ చేయించి ఐటీఆర్-7 అనే ట్రస్టుల రిటర్న్ వెయ్యాలి. అట్లే ఊరందరూ వచ్చి మొక్కే గుడి కాబట్టి 1987 దేవాదాయ చట్టం ప్రకారం ఎండోమెంట్స్ ఆఫీసులో నమోదు కూడా చేయించాలి, ఏడాది ఆదాయం 2 లక్షల లోపు ఉండే చిన్న గుళ్ళకి కూడా ఆ చట్టంలో ఒక కేటగిరీ ఉంది. ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుందని భయపడతారు, తిరగండి, ఈ నోటీసు చుట్టూ తిరగడం కంటే మేలు.

ప్రశ్న: నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. నా జీతంలో టీడీఎస్ కట్ చేస్తారు, స్కూటర్‌కి పెట్రోల్ పోయిస్తే టాక్స్, బిస్కెట్ కొంటే టాక్స్. కొండ మీద హుండీలో రోజుకి కోట్లు పడతాయి, దానికి టాక్స్ లేదు. ఇది న్యాయమా? భక్తి లేక అడగడం లేదు, నేనూ ప్రతి నెలా నడిచి కొండెక్కే మనిషినే.
(తిరుపతి, భవానీ నగర్)

జవాబు: మేడం, అడగడంలో తప్పేమీ లేదు, నడిచి కొండెక్కే వాళ్ళకి అడిగే హక్కు ఇంకొంచెం ఎక్కువే ఉంది.

ఈ మినహాయింపు నిన్న మొన్నటిది కాదు. బ్రిటీష్ వాళ్ళు 1886లో తెచ్చిన ఆదాయపు పన్ను చట్టంలోనే మతానికి, ధర్మానికి మాత్రమే వాడే ఆదాయాన్ని వదిలిపెట్టారు. కారణం సింపుల్, ఆ డబ్బు ఏ ఒక్కరి సొంతం కాదు, లాభం పంచుకునే వాటాదారులు లేరు, వచ్చింది మళ్ళీ జనం కోసమే పోవాలి. ఆ చివరి ముక్క పట్టుకోండి, అంతా అక్కడే ఉంది. జనం కోసం పోతేనే మినహాయింపు.

సెక్షన్ 11 ఏం చెబుతుందంటే ఆ సంవత్సరం వచ్చిన ఆదాయంలో 85 శాతం ట్రస్టు ఉద్దేశానికే ఖర్చు పెట్టాలి, 15 శాతం దాచుకోవచ్చు. అంతకంటే ఎక్కువ దాచాలంటే ఏ పని కోసమో రాసి ముందే ఫారం ఇవ్వాలి, 5 సంవత్సరాల్లోపు ఆ పనికే వాడాలి. దాచిన డబ్బు కూడా చట్టం చెప్పిన చోట్లే పెట్టాలి, బ్యాంకు డిపాజిట్లు, ప్రభుత్వ బాండ్లు లాంటివి, ఎవరో తెలిసినాయన చిట్ ఫండ్‌లో కాదు. లెక్క పుస్తకాలు 10 సంవత్సరాలు భద్రంగా ఉంచాలి.

ఇంక హుండీ. హుండీలో వేసేది ఎవరో తెలియదు కదా, అట్లా పేరు లేని విరాళాలకి 115బీబీసీ అని ఒక సెక్షన్ ఉంది, 2006లో వచ్చింది. ఒక సేవా ట్రస్టుకి, స్కూలో ఆసుపత్రో నడిపే సంస్థకి పేరూ ఊరూ లేని డబ్బు వస్తే ఒక పరిమితి దాటినదానికి 30 శాతం పన్ను వేస్తారు, ఆ పరిమితి మొత్తం విరాళాల్లో 5 శాతం లేదా లక్ష రూపాయలు, ఏది ఎక్కువైతే అది. కానీ పూర్తిగా మతపరమైన సంస్థలకి ఇది వర్తించదు. హుండీలో చెయ్యి పెట్టేటప్పుడు పేరు చెప్పమని ఎవర్నీ అడగలేము, మొక్కు అనేది మనిషికీ దేవుడికీ మధ్య మాట, చట్టం దాన్ని గౌరవించింది. నాకు ఇది సబబే అనిపిస్తుంది. అయితే వేసినవాడి పేరు అడగనప్పుడు, లెక్కపెట్టేవాడి చేతుల మీద కన్ను రెండింతలు ఉండాలి. పేరు తెలియని భక్తుడు రేపు వచ్చి నా డబ్బేదని అడగలేడు కదా! హుండీ లెక్కపెట్టే పరకామణిలో జేబుల్లేని పంచెతో కూర్చోబెట్టేది అందుకే, కెమెరాలు అందుకే.

మన కొండ సంగతే తీసుకుంటే 1843 నుంచి 1933 దాకా హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండింది, అంతకు ముందు ఈస్టిండియా కంపెనీ వాళ్ళు చూసుకునేవాళ్ళు, 1821లో బ్రూస్ అనే దొర గుడి నడిపే పద్ధతులన్నీ ఒక కోడ్‌గా రాయించినాడు. 1932 చట్టంతో కమిటీ పాలన, టీటీడీ అనే పేరు వచ్చినాయి. ఇప్పుడు 1987 చట్టంలోనే టీటీడీకి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. 2025-26కి బోర్డు ఆమోదించిన బడ్జెట్ రూ.5,258 కోట్లు, అందులో హుండీ కానుకలే రూ.1,729 కోట్లు వస్తాయని అంచనా. 2022 నవంబర్‌లో శ్వేతపత్రం ఇచ్చినప్పుడు బ్యాంకుల్లో రూ.15,938 కోట్ల డిపాజిట్లు, 10,258 కిలోల బంగారం ఉన్నాయని చెప్పారు. ఈ అంకెలు మీకూ నాకూ తెలిసినాయి అంటే బయట పెట్టారు కాబట్టే. ఇంకా పెట్టాలి, బడ్జెట్ అనేది రాబోయే ఏడాది అంచనా మాత్రమే, ఖర్చయినాక ఆడిట్ రిపోర్టులో ఏం అభ్యంతరాలు వచ్చినాయి, వాటికి ఏం జవాబు చెప్పారు అనేది కూడా ప్రతి ఏడాదీ భక్తుడికి అర్థమయ్యే తెలుగులో బయటికి రావాలని నా కోరిక. ఆర్టీఐ కింద అడగొచ్చు, టీటీడీకి సమాచార అధికారులు ఉన్నారు, పది రూపాయల ఫీజుతో అడిగే పని ఇది. కానీ అడగకముందే పెట్టడం గౌరవం.

మీ జీతం టాక్స్ బాధ నాకు తెలుసు. దానికి జవాబు గుడికి కూడా టాక్స్ వెయ్యడం అని నేను అనుకోవడం లేదు. టాక్స్ వదిలేసినారంటే అందులో మీ వంతు కూడా ఉంది, ఆ లెక్క చూపించమని అడగడానికి మీకు అదే హక్కు.

ప్రశ్న: మా వీధి గుడి గోపురానికి 20 వేలు క్యాష్ ఇచ్చినా. రసీదు మీద 80జి అని స్టాంపు కూడా వేసినారు. ఆఫీసులో చూపిస్తే కుదరదన్నారు. ఎవరిది తప్పు?
(చిత్తూరు, గ్రీమ్స్‌పేట)

జవాబు: మీ ఆఫీసుది తప్పు కాదు. క్యాష్‌గా 2,000 దాటి ఇస్తే 80జి కింద పన్ను తగ్గింపు రాదు, అక్కడే అయిపోయింది. రెండోది, 12ఏబీ వేరే, 80జి వేరే. మొదటిది ట్రస్టు తన ఆదాయం మీద పన్ను కట్టకుండా ఉండడానికి, రెండోది ఇచ్చినవాళ్ళకి తగ్గింపు రావడానికి. ఒక మతం వాళ్ళ కోసం మాత్రమే ఉన్న సంస్థకి మామూలుగా 80జి ఇవ్వరు. కేంద్రం నోటిఫై చేసిన ప్రసిద్ధ గుళ్ళకి, మసీదులకి, చర్చిలకి, గురుద్వారాలకి రిపేర్లు, జీర్ణోద్ధరణ కోసం ఇస్తే మాత్రం వస్తుంది. టీటీడీలో అన్నప్రసాదం ట్రస్టు, ప్రాణదానం ట్రస్టు లాంటివాటికి ఇస్తే వస్తుంది, అవి అన్నం పెట్టేవి, వైద్యం చేయించేవి. నిజంగా 80జి ఉన్న సంస్థ అయితే రబ్బరు స్టాంపుతో సరిపెట్టరు, మీ పాన్‌తో పోర్టల్లో ఎక్కించి 10బీఈ అనే సర్టిఫికెట్ ఇస్తారు. అది అడగండి. కొత్త టాక్స్ విధానంలో ఉన్నవాళ్ళకైతే 80జి అసలే లేదు.

ప్రశ్న: నేను రిటైర్డ్ నర్సుని. ఒక ఆశ్రమం ట్రస్టులో పదేళ్ళుగా సేవ చేస్తున్నా, అన్నదానానికి రెండు లక్షలు ఇచ్చినా. ఈమధ్య అధ్యక్షుల వారి అబ్బాయి ట్రస్టు కారులో తిరుగుతున్నాడు, ట్రస్టు స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నారు. లెక్కలు అడిగితే, స్వామి కార్యంలో అనుమానాలు పెట్టుకోకూడదమ్మా అన్నారు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు, అడిగి పాపం చేసినానేమో అని.
(తిరుచానూరు రోడ్డు, తిరుపతి)

జవాబు: అమ్మా, మీరు పాపం చెయ్యలేదు. ఈ మాట మీరు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చెప్తా. మీరిచ్చిన డబ్బు ఆకలిగొన్నవాళ్ళ విస్తట్లోకి పోయిందా లేదా అని చూడడం మీ సేవలో భాగమే.

చట్టం కూడా మీ వైపే ఉంది. సెక్షన్ 13 అని ఒకటి ఉంది, ట్రస్టు ఆదాయం గానీ ఆస్తి గానీ ట్రస్టీలకి, వాళ్ళ బంధువులకి లాభం అయ్యేట్టు వాడితే మినహాయింపుకే దెబ్బ. వడ్డీ లేకుండా అప్పు ఇవ్వడం, అద్దె లేకుండా ఇల్లు ఇవ్వడం, పని చెయ్యని బావమరిదికి జీతం, మార్కెట్ రేటు కంటే ఎక్కువ పెట్టి వాళ్ళ దగ్గరే సరుకు కొనడం, ఇవన్నీ అందులో వస్తాయి. ట్రస్టు పనికి కారు కొనకూడదని కాదు, దానికి లాగ్ పుస్తకం ఉండాలి, పెళ్ళిళ్ళకి పేరంటాళ్ళకి పోకూడదు.

నా అనుభవం ఒకటి చెప్తా. ఇరవై ఏళ్ళ కిందట ఒక ట్రస్టు లెక్కలు ఆడిట్‌కి నా టేబుల్ మీదకి వచ్చినాయి, పేరు వద్దు. అన్నదానం ఖర్చు చాలా పెద్దది, బిల్లులన్నీ పద్ధతిగా ఉన్నాయి, ఒకే కూరగాయల అంగడి, పదకొండు నెలల బిల్లులు. నేను ఊరికే నంబర్లు చూస్తా పోయినా. 1, 2, 3, 4... 44 దాకా వరుసగా ఉన్నాయి. అంటే ఆ అంగడి ఆయన పదకొండు నెలలు ఈ ట్రస్టుకి తప్ప ఇంకెవరికీ ఒక్క బిల్లు కూడా రాయలేదు! అన్నీ ఒకే పెన్ను, ఒకే వంపు. వంకాయ రేటు మార్చిలో ఎంతో వానాకాలంలో కూడా అంతే. నేను సంతకం పెట్టలేదు. ఆ సాయంత్రం ఆ ట్రస్టు ముందు నుంచి ఇంటికి పోతుంటే గేటు బయట ముగ్గురు ముసలోళ్ళు పళ్ళాలు పట్టుకుని కూర్చోనున్నారు, ఆరోజు పొయ్యి వెలగలేదంట. ఆ పళ్ళాలు ఇప్పటికీ నాకు కళ్ళ ముందరే ఉంటాయి. అందుకే అమ్మా, బిల్లు నంబర్ అడిగేవాళ్ళంటే నాకు అంత గౌరవం.

మీరు చెయ్యాల్సింది ఏందంటే, నోటితో కాకుండా కాగితం మీద అడగండి, నేను ఫలానా తేదీన ఫలానా రసీదు మీద ఇంత ఇచ్చినా, ఆ ఏడాది ఆడిట్ రిపోర్టు కాపీ ఇవ్వమని. మీతో పాటు ఇంకో నలుగురు దాతలు సంతకం పెడితే మంచిది. అది సొసైటీగా రిజిస్టర్ అయి ఉంటే 2001 సొసైటీల చట్టం కింద రిజిస్ట్రార్ ఆఫీసులో ఏటా దాఖలు చేసే కాగితాలు ఉంటాయి, అక్కడ కాపీలు అడగొచ్చు. జవాబు రాకపోతే ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్లో పన్ను ఎగవేత ఫిర్యాదు పెట్టే వీలు ఉంది. ఇంకా పాతది, చాలా మంది మర్చిపోయినది ఒకటి, 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 92. పబ్లిక్ ట్రస్టులో సంబంధం ఉన్న ఇద్దరు మనుషులు చాలు, కోర్టు అనుమతి తీసుకుని లెక్కలు చెప్పమని, ట్రస్టీని తీసెయ్యమని దావా వెయ్యొచ్చు. ఎండోమెంట్స్ కిందకి వచ్చే సంస్థ అయితే దారి వేరేగా ఉంటుంది, అది లాయరు కాగితాలు చూసి చెప్తారు. కానీ ముందు ఉత్తరం రాయండి. సగం చోట్ల ఉత్తరం చేరినాకే పుస్తకాలు తెరుస్తారు.

ప్రశ్న: హిందూ గుళ్ళ మీదే గవర్నమెంట్ పెత్తనం, ఈవోలు, ఆడిట్లు. చర్చిలకి మసీదులకి ఏ లెక్కా లేదు కదా? దీని గురించి రాసే ధైర్యం ఉందా?
(శ్రీకాళహస్తి)

జవాబు: ధైర్యం ఎందుకు, ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. మీరు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. శ్రీకాళహస్తి, కాణిపాకం లాంటి గుళ్ళకి ప్రభుత్వం ఈవోని వేస్తుంది, గుడి ఆదాయం నుంచి ఎండోమెంట్స్ శాఖకి కొంత వాటా కట్టాలి, ఆడిట్ ఫీజు కూడా గుడే కట్టుకోవాలి. చర్చికి ప్రభుత్వం ఈవోని వెయ్యదు. ఈ తేడా గురించి బాధ పడేవాళ్ళ బాధని నేను కొట్టిపారెయ్యను.

లెక్కే లేదు అనడం మాత్రం తప్పు. ఆదాయపు పన్ను చట్టానికి మతం లేదు, 12ఏబీ గానీ 85 శాతం రూలు గానీ ఆడిట్ గానీ గుడికి ఎట్లనో చర్చికీ దర్గాకీ అట్లే. మసీదుల ఆస్తులకి 1995 వక్ఫ్ చట్టం, వక్ఫ్ బోర్డు ఉన్నాయి, ఆ ఆస్తులు చూసుకునే ముతవల్లీలు ఏటా ఆదాయంలో వాటా బోర్డుకి కట్టాలి, అది 7 శాతం ఉండింది, 2025 సవరణలో 5 శాతం గరిష్ఠం చేసినారు. చర్చిలు ఎక్కువ భాగం సొసైటీలుగానో ట్రస్టులుగానో ఉంటాయి, విదేశీ డబ్బు తీసుకునేవాళ్ళందరూ ఎఫ్‌సీఆర్ఏ అనే విదేశీ విరాళాల చట్టం కిందకి వస్తారు. రాజ్యాంగం 26వ అధికరణం ఏ మతానికైనా తన మత వ్యవహారాలు తను చూసుకునే హక్కు ఇచ్చింది, ఆస్తిని మాత్రం చట్ట ప్రకారం నడుపుకోవాలి అంది. 1954లో శిరూర్ మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ రెండింటినీ విడదీసి చెప్పింది, పూజ ఎట్లా చెయ్యాలో ప్రభుత్వం చెప్పకూడదు, ఆస్తి నిర్వహణని చట్టంతో నియంత్రించొచ్చు అని.

నా అభిప్రాయం అడిగితే, వాళ్ళకి లేదు కాబట్టి మాకూ వద్దు అనే దారిలో పోతే చివరికి నష్టపోయేది మూడు మతాల్లోనూ కూలి డబ్బుల్లో నుంచి పది రూపాయలు తీసి ఇచ్చే ఆడవాళ్ళే. పాస్టర్ గారి దశమభాగం లెక్క కూడా ఆ సంఘం వాళ్ళు అడగాలి, ఉరుసు చందా లెక్క కూడా అడగాలి. అడిగే వాళ్ళు ఆ సంఘంలో వాళ్ళే అయితే మాటకి బలం ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు, అక్కడి సిటిజన్ అయిపోయినాడు. మా ఊరి ధర్మరాజుల గుడికి, భారతం ఉత్సవాలు జరిగే మండపానికి 10 లక్షలు పంపిస్తానంటున్నాడు. పంపించమనేదా? అక్కడ వాళ్ళ గుడికి కూడా ఇస్తాడంట, అక్కడి గుళ్ళు లెక్కలు చెప్తాయా?
(పుత్తూరు)

జవాబు: అయ్యా, ఆగమనండి ముందు. మీ అబ్బాయి ఇండియన్ పాస్‌పోర్టుతోనే ఉండి, అక్కడ సంపాదించింది బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. సిటిజన్‌షిప్ మారిపోయింది అన్నారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ లేని గుడి కమిటీ దాన్ని తీసుకుంటే నేరం. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన అకౌంట్‌కే రావాలి. పెద్ద సంస్థలకే ఇది తలనొప్పి, టీటీడీ హుండీలో భక్తులు వేసిన విదేశీ నోట్లు ఇచ్చినవాళ్ళ వివరాలు లేవని రూ.26 కోట్ల దాకా జమ కాకుండా ఆగిపోయినాయని 2023లో పేపర్లన్నీ రాసినాయి. మీ మండపం కమిటీ ఈ గొడవ తట్టుకోలేదు. మీ అబ్బాయి సొంత తల్లిదండ్రులకి డబ్బు పంపుకోవచ్చు, అది వేరే విషయం, కానీ దాన్ని దొడ్డిదారిగా వాడుకోకుండా ఒక లాయర్నో ఆడిటర్నో అడిగి చెయ్యండి.

అమెరికాలో రూలు మనకి తిరగేసి ఉంటుంది. అక్కడ మామూలు సేవా సంస్థలు ఏటా ఫారం 990 అని లెక్కలు దాఖలు చెయ్యాలి, అవి ఎవరైనా చూడొచ్చు. చర్చిలకి, వాటి మాదిరే గుళ్ళకి, మసీదులకి అది తప్పనిసరి కాదు, మినహాయింపు కోసం అప్లై చెయ్యాల్సిన పని కూడా లేదు. 2007లో గ్రాస్లీ అనే సెనేటర్ ఆరుగురు టీవీ బోధకుల సంస్థలకి విమానాలు, ఇళ్ళ ఖర్చులు చెప్పమని లేఖలు రాసినాడు, కొందరు పూర్తిగా జవాబే ఇవ్వలేదు, 2011లో ఏ శిక్షా లేకుండా ఆ విచారణ ముగిసింది. అందుకని అక్కడ లెక్క చెప్పడం గుడి కమిటీ మంచితనం మీద ఉంటుంది. మీ అబ్బాయి సంవత్సరానికి ఒకసారి జరిగే సభ్యుల మీటింగ్‌కి పోయి అడగాలి, వీకెండ్ అని పడుకోకూడదు.

ప్రశ్న: కొండ మీద లడ్డూకి జీఎస్టీ లేదు, రూముకి ఎందుకు?
(రేణిగుంట)

జవాబు: ప్రసాదానికి సున్నా శాతం, అన్ని మతాలకీ. గుడి ఆవరణలో రూము రోజుకి 1,000 లోపు అయితే లేదు, 1,000 నుంచి పైకి ఉంటే ఉంది. కల్యాణ మండపానికి రోజుకి 10,000, అంగడి అద్దెకి నెలకి 10,000 హద్దు. లడ్డూకి లేకపోయినా అందులో వేసే నెయ్యి కొన్నప్పుడు జీఎస్టీ కట్టే కొంటారు, అది తిరిగి రాదు.

ప్రశ్న: మేము పదిమంది ఫ్రెండ్స్, వీధిలో వినాయకుడిని పెడతాం. చందాలు, లడ్డూ వేలం కలిపి లక్షన్నర దాకా వస్తుంది. మాకూ ఈ ట్రస్టు గొడవలన్నీ కావాలా అన్నా?
(చిత్తూరు, ఇంజినీరింగ్ విద్యార్థి)

జవాబు: మూడు రోజుల పందిరికి ట్రస్టు అక్కర్లేదు తమ్ముడూ, ఏటా పెరుగుతా పోయి స్థలం, షెడ్డు, వెండి కిరీటం అని ఆస్తులు మొదలైతే అప్పుడు కావాలి. ఇప్పటికి రసీదు పుస్తకం నంబర్లు వేసింది వాడండి, ఫోన్ పే డబ్బు ఒక్కడి నంబర్‌కే రానీండి, వాడి సొంత డబ్బుతో కలవకుండా ఇంకో అకౌంట్ ఉంటే మేలు. లడ్డూ పాడినాయన డబ్బు వచ్చే ఏడాది ఇస్తా అంటే అది కూడా రాసి పెట్టండి, గొడవలన్నీ అక్కడే మొదలయ్యేది.

నా చిన్నప్పుడు మా ఊర్లో రాములవారి గుడికి మా నాయన లెక్కలు రాసేవాడు. పుస్తకం లేదు. గుడి పక్క గోడకి ఒక మూర వెడల్పు సున్నం కొట్టి, శ్రీరామనవమి అయిన మూడో రోజు పొద్దున్నే బొగ్గుతో రాసేవాడు, ఎవరు ఎంత ఇచ్చింది, పానకానికి బెల్లం ఎంత, దీపాలకి నూనె ఎంత, మేళం వాళ్ళకి ఎంత. కిందన, మిగులు పదకొండు రూపాయల నలభై పైసలు, పూజారి వద్ద, అని. చదువు రానివాళ్ళు నాలాంటి పిల్లోళ్ళని పిలిచి చదివించుకునేవాళ్ళు. ఒకసారి ఒకావిడ వచ్చి నేను అర్ధరూపాయి ఇచ్చినానే నా పేరు లేదే అంది, మా నాయన అప్పటికప్పుడు బొగ్గు తెచ్చి పక్కన రాసి, కిందన మొత్తం మార్చినాడు. వానలకి చెరిగిపోయే దాకా అది అట్లే ఉండేది.

మీరు పందిరి ముందర పెద్ద ఫ్లెక్సీ వేస్తారు కదా, మీ ఫోటోలన్నీ పెట్టుకోండి, ఏం పర్లేదు. నిమజ్జనం అయినాక దాన్ని చుట్టి పక్కన పడెయ్యకుండా తిరగేసి కట్టండి, తెల్లగా ఉంటుంది వెనక వైపు, మార్కర్‌తో రాయడానికి బాగా వస్తుంది.